లెడ్ జెప్లిన్ రీఇష్యూ ఎల్పీలు: తిరుపతిలో ఉండి ఏవి కొనాలి, అసలువని ఎట్లా గుర్తుపట్టాలి?

కొర్లగుంట_ఎల్పీ

అందరికీ నమస్కారం. బ్రిటిష్ రాక్ బ్యాండు లెడ్ జెప్లిన్ తొమ్మిది స్టూడియో ఆల్బములూ ఎల్పీల్లో చేర్చుకోవాలని ఉంది. 1969 నాటి తొలి ప్రెస్సింగుల ధరలు నాకు అందేవి కావు, కాబట్టి రీఇష్యూలే (తర్వాత మళ్ళీ నొక్కి విడుదల చేసినవే). నెలకు మూడు, నాలుగు వేలు పెట్టగలను.

ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కో ఆల్బమూ పది రకాలుగా కనబడుతోంది. 180 గ్రాములని కొన్ని, 200 గ్రాములని కొన్ని, డీలక్స్, సూపర్ డీలక్స్, రంగురంగుల ప్లాస్టిక్‌వి, ఉత్త 'ఇంపోర్టెడ్' అని రాసి సగం ధరకే పెట్టినవి. ఏ వరస రీఇష్యూలు పట్టుకుంటే మేలు? డీలక్స్‌లో వచ్చే అదనపు డిస్కులకు అంత డబ్బు పెట్టవచ్చా? నకిలీని కొనేముందే పసిగట్టే దారి ఉందా? ఇంకో సంగతి, మాది పై అంతస్తు, మిద్దె నేరుగా ఎండకు కాగుతుంది. అక్కడ రికార్డులు నిలుస్తాయా?

నా దగ్గర ఉన్నది బెల్ట్ డ్రైవ్ ప్లేయర్, ఆర్టోఫోన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్ (సూది ఉండే ముక్క).

---

గిరింపేట_సైడ్‌బీ

గ్రాములను చూసి కొనొద్దన్నా. బరువు ఎక్కువైతే రికార్డు కాస్త గట్టిగా ఉంటుంది, అంతే. శబ్దం ఎట్లా ఉంటుందనేది ఏ టేపు నుంచి తీశారు, ఎవరు మాస్టర్ చేశారు (చివరి శబ్దాన్ని తీర్చిదిద్దారు), లాకర్ (అచ్చు కోసం మొదట గాడి కోసే పళ్ళెం) ఎవరు కోశారు అనే మూడు సంగతుల మీద ఆధారపడుతుంది. జెప్లిన్ విషయంలో అవి చాలావరకు తెలిసిన సంగతులే కాబట్టి ఎంచుకోవడం కష్టం కాదు.

మీ లెక్కకు సరిపోయేది 2014-15 వరస. బ్యాండు గిటారిస్టు జిమ్మీ పేజ్ దగ్గరుండి చేయించినది, లండన్ మెట్రోపాలిస్ స్టూడియోలో జాన్ డేవిస్ మాస్టరింగ్. మొదటి మూడు ఆల్బములు 2014 జూన్‌లో, నాలుగోదీ 'హౌసెస్ ఆఫ్ ద హోలీ' అదే అక్టోబరులో, 'ఫిజికల్ గ్రఫిటీ' 2015 ఫిబ్రవరిలో, 'ప్రెజెన్స్', 'ఇన్ త్రూ ది ఔట్ డోర్', 'కోడా' జులైలో వచ్చాయి. మాస్టర్ టేపులను హై రెజల్యూషన్ డిజిటల్‌కు ఎక్కించి, ఆ ఫైళ్ళ నుంచి లాకర్ కోశారు. పూర్తిగా అనలాగ్ దారిలోనే రావాలని పట్టుబట్టేవాళ్ళకు ఇది నచ్చదు. నా మటుకు నాకు బాన్‌హమ్ డ్రమ్ముల బరువు, జోన్స్ బేస్ గీత ఇందులో స్పష్టంగా, అలసట లేకుండా వినిపిస్తాయి. తొమ్మిదీ ఒకే చేతి మీదుగా వచ్చాయి కాబట్టి ఆల్బము మారినప్పుడల్లా టోన్ మారిపోదు.

200 గ్రాములని మీరు చూసినవి బహుశా అమెరికా క్లాసిక్ రికార్డ్స్ వాళ్ళవి. బర్నీ గ్రండ్‌మన్ కోసినవి. శబ్దం అద్భుతంగా ఉంటుంది, ముఖ్యంగా రెండో ఆల్బము. కానీ అవి ఆగిపోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే, మీ నెల బడ్జెట్‌కు అనేక రెట్ల ధరకు. వదిలేయండి.

సీడీలైతే ఇంకో కథ. 1980ల్లో వచ్చిన మొదటి సీడీల్లో చాలావాటిని బ్యారీ డయామెంట్ మాస్టర్ చేశారు. వాల్యూమ్ తక్కువగా ఉంటాయి, పెంచుకుని వింటే మెత్తటి గీతకూ గట్టి దెబ్బకూ మధ్య తేడా బాగా తెలుస్తుంది. 1990 బాక్స్ సెట్ కోసం పేజ్, జార్జ్ మరీనో కలిసి చేసిన రీమాస్టర్ దానికంటే మిరుమిట్లుగా, పై స్వరాలు ముందుకు వచ్చి ఉంటుంది. 2007 'మదర్‌షిప్' సంకలనం బాగా లౌడ్. చెవులతో శ్రద్ధగా వినేవాళ్ళకు దాన్ని నేను చెప్పను.

ఇక డీలక్స్ సంగతి. అన్నిటికీ అక్కర్లేదు. మొదటి ఆల్బముకు కొనండి: కంపానియన్‌గా (తోడుగా ఇచ్చే అదనపు డిస్కుగా) 1969 అక్టోబరు 10న పారిస్ ఒలింపియాలో చేసిన కచేరీ వస్తుంది. నలుగురూ ఇంకా బ్లూస్ బ్యాండుగా ఉన్న రోజులు, పాటలను ఎంత సాగదీసి వాయించేవారో అందులో వినాలి. మూడోదాంట్లో 'కీ టు ద హైవే', 'ట్రబుల్ ఇన్ మైండ్' కలిపి వాయించిన పాత బ్లూస్ ఉంది. నాలుగోదాని కంపానియన్‌లో 'స్టెయిర్‌వే టు హెవెన్' సన్‌సెట్ సౌండ్ మిక్స్ ఉంది. ఆ ఆల్బమును మొదట లాస్ ఏంజెలెస్ సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో మిక్స్ చేశారు, కుదరలేదు, ఇంగ్లండులో మళ్ళీ చేశారు. ఆ మొదటి మిక్స్‌ల నుంచి ఆల్బములో నిలిచింది 'వెన్ ద లెవీ బ్రేక్స్' ఒక్కటే. రెండింటినీ పక్కపక్కన పెట్టి వింటే మిక్సింగ్ ఒక పాటను ఎంత మార్చగలదో అర్థమవుతుంది. 'ప్రెజెన్స్', 'హౌసెస్' కంపానియన్లు ఎక్కువగా రఫ్ మిక్స్‌లు (తుది మెరుగులు దిద్దనివి); వీరాభిమానులకు తప్ప అవసరం లేదు.

'కోడా'ను మాత్రం మామూలు ఒక్క ఎల్పీగా కొనొద్దు. 1982లో వచ్చినప్పుడు ఎనిమిది పాటలే. 2015 డీలక్స్‌లో మరో రెండు డిస్కులు చేర్చారు, వాటిలో 1972లో పేజ్, గాయకుడు ప్లాంట్ బొంబాయి వచ్చి మన వాద్యకారులతో రికార్డు చేసిన 'ఫ్రెండ్స్', 'ఫోర్ స్టిక్స్' ఉన్నాయి (రెండోదాని పేరు అక్కడ 'ఫోర్ హ్యాండ్స్' అని వేశారు). 1969 బీబీసీ సెషన్‌లో వాయించిన 'ట్రావెలింగ్ రివర్‌సైడ్ బ్లూస్', 1970 సింగిల్ వెనకవైపు వచ్చి, అప్పటి స్టూడియో ఆల్బముల్లో చేరని 'హే హే వాట్ కెన్ ఐ డు' కూడా వీటిలోనే.

డబ్బు ఆదా కావాలంటే ఒక దారి ఉంది: ఆల్బము మామూలు ఎల్పీ, కంపానియన్ కోసం అదే ఆల్బము డీలక్స్ సీడీ. రెండూ కలిపినా డీలక్స్ ఎల్పీ కంటే తక్కువలో వచ్చే సందర్భాలే ఎక్కువ.

---

తిలక్‌రోడ్_మ్యాట్రిక్స్

పై జవాబు మొత్తానికి నా ఓటు. నకిలీల గురించి నేను చెప్తా.

అమ్మేవాళ్ళను మొదట అడగాల్సింది జాకెట్ ఫొటో కాదు, డెడ్ వ్యాక్స్ ఫొటో. అంటే చివరి పాట అయిపోయాక లేబుల్‌కూ పాట గాడులకూ మధ్య మిగిలే నున్నటి అంచు. రెండు వైపులా అక్కడ గీసిన, ముద్రించిన అక్షరాలను డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైటులో ఆ ఎడిషన్ కింద ఉన్న మ్యాట్రిక్స్ నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. లైటును పక్క నుంచి వాలుగా పడేలా పెట్టి ఫొటో తీయమనండి, ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ కనబడదు. సీలు వేసి ఉన్నదైతే జాకెట్ వెనక బార్‌కోడ్ చూడండి: 2014-15 వరసకు (రైనో కంపెనీ వేసినది) 081227తో మొదలవుతుంది. బార్‌కోడే లేకుండా, లేదా ఆ నంబరు వెతికితే వేరే ఆల్బము చూపిస్తూ, కొత్తదని అమ్ముతుంటే పక్కకు పెట్టండి.

జాకెట్ ముద్రణ కూడా చెప్తుంది. నకిలీలు చాలావరకు పాత జాకెట్‌ను స్కాన్ చేసి వేస్తారు. చిన్న అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉంటాయి, నలుపు బూడిద రంగులోకి దిగిపోతుంది. మూడో ఆల్బముకు జాకెట్ లోపల తిరిగే చక్రం ఉండాలి, రంధ్రాల్లోంచి బొమ్మలు మారాలి. 'ఫిజికల్ గ్రఫిటీ'కి భవనం కిటికీలు నిజంగా కత్తిరించి ఉండాలి, లోపలి కవరు మారిస్తే కిటికీల్లో బొమ్మలు మారాలి. ఆ కత్తిరింపులు ఖర్చుతో కూడిన పని కాబట్టి నకిలీలో మొదట ఎగ్గొట్టేది అదే.

ఇంకో ఆనవాలు పాటల రచయితల పేర్లు. బ్లూస్ వినేవాళ్ళకు ఇది ముఖ్యమైన సంగతి కూడా. 'హోల్ లాట్టా లవ్'కు 1969లో నలుగురు సభ్యుల పేర్లే ఉండేవి. 1980ల్లో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ దావా వేసి రాజీ కుదిరాక ఆయన పేరు చేరింది. 'బేబ్ ఐయామ్ గోనా లీవ్ యూ' మొదట్లో సంప్రదాయ గీతమని వేశారు, 1990 నుంచి ఆన్ బ్రెడన్ పేరు వస్తోంది. 'డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్'కు 2012లో దావా ముగిశాక 'జేక్ హోమ్స్ ప్రేరణతో' అన్న మాట చేర్చారు. కాబట్టి '2014 రీమాస్టర్, కొత్తది' అని అమ్ముతున్న మొదటి ఆల్బము మీద జేక్ హోమ్స్ పేరు లేకపోతే, అది పాత జాకెట్ స్కాన్ అని గట్టిగా అనుమానించాలి. ఒక్కదాన్నే రుజువుగా తీసుకోకండి, మ్యాట్రిక్స్‌తో కలిపి చూడండి. 'వెన్ ద లెవీ బ్రేక్స్'కు మెంఫిస్ మిన్నీ పేరు మొదటి నుంచీ ఉంది, అది తేదీ చెప్పదు.

రంగు ప్లాస్టిక్ మీద తక్కువ ధరకు వచ్చే 'లైవ్ బ్రాడ్‌కాస్ట్' ఎల్పీలు అధికారికమైనవి కావు. పాత రేడియో ప్రసారాలను ఎవరో టేపు చేసుకున్నవాటి నుంచి నొక్కుతారు, టేపు ఎన్నో తరం కాపీనో ఎవరికీ తెలియదు. రేడియో రికార్డింగులు కావాలంటే 2016 'కంప్లీట్ బీబీసీ సెషన్స్' కొనండి. 1997లో వచ్చినదానికి ఎనిమిది రికార్డింగులు కలిపారు, పోయిందనుకున్న 1969 సెషన్‌వి మూడు సహా.

'ఆర్‌ఎల్ ఒరిజినల్' అని ఎవరైనా రెండో ఆల్బము చూపిస్తే ధర వినకముందే డెడ్ వ్యాక్స్ చూడండి. 1969 అమెరికా ప్రెస్సింగ్, కేటలాగ్ నంబరు ఎస్‌డి 8236, రెండు వైపులా ఆర్‌ఎల్ అనీ ఎస్ఎస్ అనీ గీసి ఉండాలి. రాబర్ట్ లడ్విగ్ స్టెర్లింగ్ సౌండ్‌లో కోసినది. బేస్ అంత లోతుగా, లెవెల్ అంత ఎక్కువగా కోసేసరికి చౌక ప్లేయర్ల మీద సూది గాడిలోంచి దూకేది, అందుకే కంపెనీ దాన్ని ఆపి బేస్ తగ్గించి మళ్ళీ కోయించింది. ఒకవైపే ఆర్‌ఎల్ ఉన్నవి కూడా తిరుగుతుంటాయి, వాటికి అదే ధర ఇవ్వకండి.

---

కొర్లగుంట_ఎల్పీ

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. జేక్ హోమ్స్ సంగతి అస్సలు తెలీదు.

ఒక సందేహం. నాలుగో ఆల్బము 2014 ఎల్పీని నా ప్లేయర్ మీద వేసి చూశాను. మొదటి వైపు 'బ్లాక్ డాగ్' శుభ్రంగా ఉంది, అదే వైపు చివరికి 'స్టెయిర్‌వే' పతాక స్థాయికి వచ్చేసరికి ప్లాంట్ గొంతు, డ్రమ్ముల సింబల్స్ గరగరమంటున్నాయి. ప్రెస్సింగ్ లోపమా? తిప్పి పంపాలా?

---

పాకాల_జంక్షన్

తిప్పి పంపేముందు ప్లేయర్ సర్దుబాటు చూసుకోండి సార్. రికార్డు తిరిగే వేగం ఒకటే, కానీ లోపలికి పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. సెకనుకు సూది కింద జరిగే గాడి పొడవు తగ్గిపోతుంది, అదే శబ్దం తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. కార్ట్రిడ్జ్ కోణం కొంచెం తప్పినా ముందు బయటపడేది అక్కడే. ఈ ఆల్బములో రెండు వైపులా చివర్లో పెట్టింది పెద్ద, గట్టి పాటలే: ఒకవైపు 'స్టెయిర్‌వే', ఇంకోవైపు 'లెవీ'. సర్దుబాటు పరీక్షకు ఇంతకంటే కఠినమైన రికార్డు దొరకదు.

వేరే మూడు నాలుగు రికార్డుల చివరి పాటలు వినండి. అన్నిట్లోనూ గరగర ఉంటే మీ సర్దుబాటు. ఈ ఒక్కదాంట్లోనే, అదీ ఒక చానెల్‌లో చింపినట్టు 'చర్ర్' మని ప్రతిసారీ అదే చోట వస్తే ప్రెస్సింగ్ లోపం. వినైల్ అచ్చులో పూర్తిగా నిండకపోతే అట్లా వస్తుంది, కడిగినా పోదు. అప్పుడు పంపేయండి.

సర్దుబాటుకు ముందు సూది బరువు. 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు, 1.6 నుంచి 2.0 దాకా పర్వాలేదు. టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చేయి) వెనక బరువు మీది అంకెలను నమ్మకండి. 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ తూకం కొని, రికార్డు ఎత్తుకు దగ్గరగా పెట్టి కొలవండి. బరువు తక్కువైతే గాడికి ఎక్కువ హాని: సూది గోడల మధ్య ఎగిరెగిరి కొట్టుకుంటుంది. యాంటీ స్కేట్‌ను (సూది లోపలికి లాగకుండా ఆపే సర్దుబాటును) మొదట సూది బరువుతో సమానంగా పెట్టుకోండి.

తర్వాత ప్రొట్రాక్టర్, అంటే కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే కొలత కాగితం. బేర్వాల్డ్ పద్ధతిది డౌన్‌లోడ్ చేసి తీసుకోవచ్చు. స్పిండిల్ (రికార్డు రంధ్రంలో దూరే కడ్డీ) మధ్య నుంచి 66.0 మిల్లీమీటర్లు, 120.9 మిల్లీమీటర్ల దగ్గర రెండు గుర్తులుంటాయి. ప్రింటు తీసేటప్పుడు జిరాక్స్ షాపుల్లో 'ఫిట్ టు పేజ్' అని అలవాటుగా పెట్టేస్తారు, అప్పుడు కొలత కుంచించుకుపోయి పనంతా వృథా. అసలు సైజులోనే తీయమని చెప్పి, తెచ్చుకున్నాక స్కేలుతో కొలిచి చూసుకోండి. రెండు గుర్తుల దగ్గరా కార్ట్రిడ్జ్ పక్క అంచులు గీతలకు సమాంతరంగా రావాలి. ఒకచోట కుదిరి ఇంకోచోట తిరిగిపోతే మరలు వదులు చేసి కార్ట్రిడ్జ్‌ను ముందుకో వెనక్కో అర మిల్లీమీటరు జరిపి మళ్ళీ చూడండి. మరలు బిగించేటప్పుడే కార్ట్రిడ్జ్ పక్కకు తిరుగుతుంది, రెండు మరలనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి. మరలు తిప్పేటప్పుడల్లా సూదికి గార్డు తొడిగే ఉంచండి.

ఇంతా చేశాక కూడా కొంచెం మిగిలితే అది సూది పరిమితి. రెడ్ సూదిది సాధారణ ఎలిప్టికల్ (కోలగా ఉండే మొన). అదే కార్ట్రిడ్జ్ ఒంటికి దానికంటే మెరుగైన 2ఎం బ్లూ సూది సరిపోతుంది, సూది మాత్రం లాగి మార్చుకోవచ్చు.

పియానో, సాగే గిటార్ నోట్లు ఊగుతున్నట్టు వినిపిస్తే టోన్‌ఆర్మ్‌ను పక్క నుంచి గమనించండి. చుట్టుకోసారి ఎడమకూ కుడికీ కదులుతుంటే రంధ్రం మధ్యలో పడలేదు, అది కూడా పంపదగిన లోపమే.

---

చంద్రగిరి_గాడి

మిద్దె గది గురించి ఎవురూ చెప్పలేదే. ముఖ్యమైంది అదే కదన్నా.

రికార్డు మామూలు గది వేడికి ఏం కాదు. 60 డిగ్రీల దగ్గరికి పోతే వంకర తిరుగుతుంది, అంత వేడి మనకు గదిలో రాదు, ఎండలో నిలిపిన కారులో వస్తుంది. కొరియర్ బండిలోనూ రావచ్చు. అందుకని ఏప్రిల్, మే నెలల్లో ఆర్డర్ పెట్టకుండా ఉండగలిగితే మంచిది. తప్పకపోతే పార్సిల్ వచ్చిన వెంటనే విప్పొద్దు, చదునుగా ఒక పూట నీడలో పెట్టి, చల్లారినాక తీయండి.

గదిలో చెడగొట్టేది వాలు. వేడికి కొంచెం మెత్తబడి, వారగా ఒరిగి నిలబడి ఉంటే తన బరువుకే నెమ్మదిగా వంగుతుంది. నిటారుగా పెట్టాల, ఒకదాన్ని లాగితే సులభంగా వచ్చేంత సందు ఉండాల, ఒరిగేంత సందు ఉండకూడదు. అటక మీద వద్దే వద్దు, స్లాబ్ వేడి రాత్రంతా దిగతా ఉంటుంది. పడమటి గోడకు ఆనించొద్దు. లోపలి గోడ పక్కన, నేల నుంచి జానెడు ఎత్తులో అర పెట్టుకోండి. లోపలి ఎత్తు 33 సెంటీమీటర్లకు తగ్గకూడదు. వంద ఎల్పీలు 25, 30 కిలోల బరువుంటాయి, పలచటి ప్లైవుడ్ అర నడుములో కుంగుతుంది.

ఎండాకాలం కంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన్లతో జాకెట్లకు ఎక్కువ చేటు. మనకు ఈశాన్య రుతుపవనాల వానలే కదా గట్టివి. తేమకు జాకెట్ అట్టకు బూజు పడతాది, అది లోపలి కాగితం కవరుకూ, అక్కడి నుంచి గాడికీ పాకతాది. ఆ మూడు నెలలు బీరువా తలుపు అప్పుడప్పుడు తీసి గాలి తగలనీయండి, సిలికా జెల్ సంచులు వేసి పెట్టండి. రికార్డు వచ్చిన కాగితం ఇన్నర్ తీసేసి యాంటీ స్టాటిక్ పాలిథీన్ ఇన్నర్ వేయండి. బొమ్మలున్న కాగితం ఇన్నర్‌ను విడిగా జాకెట్‌లోనే పెట్టుకోవచ్చు. పైకవరు మందంగా, మెరుస్తా ఉండే పీవీసీ వద్దు, ఏళ్ళు గడిస్తే దాని మసక రికార్డు మీదికి దిగుతుంది, ఎంత కడిగినా పోదు.

కడగడానికి బోరు నీళ్ళు తాకనీయొద్దు, ఆరినాక తెల్లటి ఉప్పు గాడిలోనే ఉండిపోతుంది. బ్యాటరీ షాపుల్లో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. నీళ్ళే అని చదివి తెచ్చుకోండి, పక్కనే ఆసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి. 800 మిల్లీలీటర్ల నీళ్ళకు 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వాసన లేని పాత్రల లిక్విడ్ రెండు చుక్కలు. మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడే తుడవండి, అడ్డంగా కాదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ ఒకసారి తుడవాల, లేకపోతే సబ్బు పొర మిగిలి సూదికి పట్టుకుంటుంది. లేబుల్ తడవకూడదు. ఫ్యాను కింద నిలబెట్టి ఆరనీయండి. ఇంట్లో తాతల నాటి 78 ప్లేట్లుంటే వాటికి ఈ కలిపిన నీళ్ళు వాడొద్దు, లక్కతో చేసినవి, ఆల్కహాల్‌కు కరిగిపోతాయి.

వంకర తిరిగిన రికార్డును రెండు గాజు పలకల మధ్య పెట్టి ఎండలో పెట్టమని కొందరు చెప్తారు. చేయొద్దు. వంకర పోయినా గాడి కూడా చదునై శబ్దం పోతుంది.

---

తిలక్‌రోడ్_మ్యాట్రిక్స్

తెప్పించడం గురించి ఒక మాట. విదేశీ అమ్మకందారు నుంచైతే కస్టమ్స్ సుంకం, కొరియర్ వాళ్ళ ఫీజు కలిపి లెక్కేసుకున్నాకే ఇక్కడి ధరతో పోల్చండి. ఒక్క ఎల్పీకి తపాలా ఖర్చే రికార్డు ధరకు దగ్గరకు వస్తుంది, మూడు నాలుగు కలిపి ఒకే పెట్టెలో తెప్పిస్తే తలా తగ్గుతుంది. గుర్తింపు పత్రాలు అడిగితే వెంటనే అప్‌లోడ్ చేయండి, ఆలస్యమైతే పార్సిల్ గోదాములోనే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కొంటే రికార్డును జాకెట్‌లోంచి తీసి, జాకెట్ వెనక విడిగా పెట్టి ప్యాక్ చేయమని రాయండి. లేకపోతే దారిలో రికార్డు అంచు కొట్టుకుని జాకెట్ కుట్టు చీలుతుంది. 'ఫిజికల్ గ్రఫిటీ' కిటికీలు ఇంకా సులభంగా చినుగుతాయి.

చెన్నై పోయే పని పడితే సెంట్రల్ పక్కనే మూర్ మార్కెట్ వైపు ఓ చూపు వేయండి. ఎక్కువగా సినిమా రికార్డులే దొరుకుతాయి. ఇంగ్లీషు రాక్ కనబడితే ఫోను టార్చిని వాలుగా పట్టి చూడండి: వెంట్రుకలాంటి గీతలు పర్వాలేదు, గోటికి తగిలే గీత వద్దు.

---

కొర్లగుంట_ఎల్పీ

ప్రొట్రాక్టర్‌తో చూశాను. లోపలి గుర్తు దగ్గర కార్ట్రిడ్జ్ బాగా తిరిగి ఉంది, బరువు కూడా 1.5 గ్రాములే చూపించింది. రెండూ సరిచేశాక 'స్టెయిర్‌వే' చివర దాదాపు శుభ్రంగా వస్తోంది, రికార్డును ఉంచుకుంటున్నా. ఈ నెల మొదటి ఆల్బము డీలక్స్ సీడీ, మామూలు ఎల్పీ తీసుకుంటా. 'కోడా' డీలక్స్ సీడీలో బొంబాయి పాటలు రెండూ ఉంటాయి కదా?

---

గిరింపేట_సైడ్‌బీ

రెండూ ఉంటాయి. మూడు డిస్కుల డీలక్స్ సీడీ అని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి. ఒకే డిస్కు 'కోడా' సీడీ కూడా అదే బొమ్మతో అమ్ముతారు, అందులో అవి ఉండవు.